తోక లేని మాట

"ఆపు" అన్నాడు సత్యారావు.

నీళ్ళడుగుతున్నాడు. సంధ్యారాణికి తెలుసు. కనుబొమలు రెండూ పైకి లేచి ఆ మాట మెత్తగా వస్తే నీళ్ళు, కనుబొమలు ముడిపడి గట్టిగా వస్తే ఫ్యాను, చూపు పక్కకి తప్పించి సిగ్గుపడుతూ అంటే పక్క తడిసింది. రెండేళ్ళ నుంచీ ఆమె చదువుతున్న పుస్తకం ఆ మొహం ఒక్కటే. చదవడం వచ్చు కాబట్టే, ఒళ్ళో సంచిలో నిండు సీసా పెట్టుకుని కూడా, ఏమీ వినబడనట్టు వేదిక కేసి చూస్తూ కూచుంది. పొద్దున్న ఆరింటి నుంచి అతనికి చుక్క నీళ్ళు పోయలేదు. పోస్తే ఆగదు. ఆగకపోతే ఇస్త్రీ చేసిన ఖాకీ ప్యాంటు మీద, ఇంతమంది ఎదుట, మరక. డైపరు వేద్దామంటే తమ్ముడు ఉమామహేష్ వద్దన్నాడు, "ఫొటోల్లో ఎత్తుగా అవుపడిపోతాది అక్కా, యూనిఫామ్ అది, గౌరవం ఉండొద్దేటి?" అని. ఉమామహేష్ ఎస్సై. నాన్న రిటైరైన ఏఎస్సై. మొగుడు హెడ్ కానిస్టేబులు. గౌరవం అంటే ఏమిటో ఆ ఇంట్లో మగాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు, దాహం సంగతి మాత్రం వాళ్ళని అడక్కూడదు. "ఓర్సుకో బావా, పెద్దసారు దగ్గర్లోకి వచ్చేసేరట" అంది. మేనత్త కొడుకు కాబట్టి పెళ్ళయి పందొమ్మిదేళ్ళయినా అతను బావే. "ఆపు" అన్నాడు అతను మళ్ళీ, ఇంకా మెత్తగా.

పదింటికన్న సన్మాన సభ, జిల్లా పోలీసు పెద్దసారు రాక, పదకొండు దాటినా మొదలవలేదు. చోడవరం మెయిన్ రోడ్డు మీద ఫంక్షన్ హాలు, నిన్న ఎవరిదో పెళ్ళి జరిగినట్టుంది, వేదిక వెనక బంతిపూల దండలు సగం పీకి సగం వదిలేసి వాటి మీదే ఫ్లెక్సీ కట్టేశారు. ఫ్లెక్సీలో సత్యారావు, పన్నెండేళ్ళ కిందటి ఫొటో, బుగ్గలున్నాయి, మీసం ఉంది. పక్కన ఎత్తిన అరచెయ్యి బొమ్మ, దాని కింద ఎర్రటి అక్షరాల్లో ఆ ఒక్క మాట, ఆపు!, ఆ నిలువుగీతా చుక్కా ప్రింటింగు షాపువాడు తన తరఫున కలిపాడు. చక్కెర ఫ్యాక్టరీలో క్రషింగు సీజను కదా, బయట చెరుకు ట్రాక్టరు వెళ్ళినప్పుడల్లా హాలు అద్దాలు సన్నగా అదురుతున్నాయి, తియ్యటి మురుగు వాసన ఏసీలోంచి కూడా లోపలికి వస్తోంది. ట్రాక్టరు చప్పుడు వినగానే సత్యారావు ఎడమచెయ్యి చక్రాల కుర్చీ పిడిని పట్టేసుకుంటుంది, వేళ్ళ కణుపులు తెల్లబడేదాకా. కుడిచెయ్యి పట్టుకోదు, అది చచ్చి రెండేళ్ళు. ధైర్యవంతుణ్ణి చూడ్డానికి వచ్చిన జనంలో ఆ ఎడమచెయ్యి ఎవరికీ కనపడదు. వెనక వరసలో ఎవరో ఆడమనిషి పక్కామెకి చెబుతోంది, "పేనం పోతన్నా ఆపు, ఆపు అనే అరిసేడట. ఇప్పటికీ నిద్దట్లో అదే మాటట. డ్యూటీ అంటే అదమ్మా."

నిద్దట్లో అనడు. నిద్రలో అతనికి ఏ మాటా లేదు, నోరు తెరిచి పసిపిల్లాడిలా పడుకుంటాడు, ఆ పడుకున్న మొహం చూస్తూ ఆమె ఎన్ని తెల్లవారుజాములు లెక్కపెట్టిందో ఆ ఆడమనిషికేం తెలుసు. అయినా ఊరు తన కథ తను అల్లుకుంది, మంచి కథే. చీడికాడ రోడ్డులో చెరుకుతోటల మధ్య చెకింగు. కొండల మీంచి గంజాయి మూటలతో వ్యాను. సత్యారావు ఒక్కడూ నడిరోడ్డు మీద నిలబడి చెయ్యెత్తి ఆపు అన్నాడు. వ్యాను ఆగలేదు, అతన్ని గుద్ది, అదుపు తప్పి తోటలో దిగబడింది. డ్రైవరు దొరికాడు, మూటలు దొరికాయి, సత్యారావు తల కల్వర్టు అంచుకి దొరికింది. ఇరవై మూడు రోజులకి కళ్ళు తెరిచాడు, తెరిచాక నోట్లో మిగిలింది ఆ ఒక్క మాట. విశాఖపట్నంలో డాక్టరు కాగితం మీద మెదడు బొమ్మ గీసి, ఎడమపక్క పెన్నుతో సున్నా చుట్టి, మాటలుండే గది ఇదమ్మా, కూలిపోయింది, ఒక్కొక్కరికి ఒక మాట మాత్రం బయట ఉండిపోతుంది, దెబ్బ తగిలేటప్పుడు నోట్లో ఉన్నదో, చెవిలో ఉన్నదో చెప్పలేం అన్నాడు. నోట్లో ఉన్నదో అనేదాకా విని నాన్న గణపతిరావు మీసం తడుముకుని, "ఇన్నావా, డ్యూటీ మాటే నోట్లో ఉండిపోయింది" అని వరండాలోకి వెళ్ళి అందరికీ ఫోన్లు చేశాడు. చెవిలో ఉన్నదో అన్న రెండో ముక్క సంధ్యారాణి ఒక్కతే వింది.

అన్నం పెడుతుంటే ఆపు అంటాడు. మొదట్లో ఆపేసేది. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆ కళ్ళలోంచి నీళ్ళు కారుతుండేవి. ఇంకా కావాలేటి బావా అంటే, ఆపు. ఆకలితో ఉన్న మనిషికి తెలుగులో ఉన్న మాటలన్నీ పోయి ఆ ఒక్కటే మిగలాలా? అమ్మ అని మిగలకూడదా, అబ్బా అని మిగలకూడదా? దేవుడికి వెటకారం పాళ్ళు ఎక్కువ. టీవీవాళ్ళు వచ్చినప్పుడు ఆమె చేత ముద్ద పెట్టించి, అతను ఆపు అనేదాకా కెమెరా పట్టుకుని, మంచం మీద కూడా మరవని కర్తవ్యం అని రాసుకున్నారు. ఆ రోజు అతను తిన్నది నాలుగు ముద్దలు. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ కలిపి తెచ్చింది.

కుర్చీ వెనక నాన్న నిటారుగా నిలబడి ఉన్నాడు. డెబ్భై రెండేళ్ళు, వీపు గోడ మీద గీత గీసినట్టు ఉంటుంది. పొద్దున్న అల్లుడి బూట్లు తనే ఒళ్ళో పెట్టుకుని, ఉమ్మి వేసి దూదితో రుద్ది, మొహం కనపడేదాకా మెరిపించాడు. కూతురికి జ్వరం వచ్చినప్పుడు కూడా ఆ చెయ్యి అంత మెత్తగా కదలడం ఆమె చూడలేదు. పది రోజుల నుంచి ఇంట్లో సెల్యూట్ ప్రాక్టీసు. "సెల్యూట్ లేకుండా యూనిఫామేట్రా? మడిసి నవ్వుతాడు" అంటూ వెనక నిలబడి ఆ చచ్చిన కుడిచేతిని మోచెయ్యి కింద పట్టి పైకి లేపడం, వేళ్ళు నుదుటికి ఆనించడం, "ఆగాల, మూడు సెకండ్లు ఆగాల, సత్యం, ఆగు" అనడం, వదిలితే ఆ చెయ్యి తడిగుడ్డలా కుర్చీ పక్కన పడిపోవడం, మళ్ళీ ఎత్తడం. ఆపు, ఆపు, ఆపు అని మొత్తుకున్నాడు మొగుడు. అప్పుడు మాత్రం ఆ మాటకి అర్థం ఆ మాటే. "సూసేవా, ఎంత ఉషారో" అన్నాడు నాన్న.

నాన్నకి అరచేతిలో అడ్డంగా తెల్లటి మచ్చ ఉంది. దేవరాపల్లి సంతలో కత్తి దూసినవాణ్ణి వట్టి చేత్తో పట్టిన మచ్చ. చిన్నప్పుడు అన్నం దగ్గర ఆ చెయ్యి చూపించి తినమనేవాడు, తినకపోతే అదే చెయ్యి చెంప మీద పడేది, కాబట్టి ధైర్యం అంటే ఏమిటో సంధ్యారాణికి అయిదో ఏటనే తెలిసింది, దానికి పొడుగ్గా తెల్లటి గీత ఉంటుంది, కొడితే అయిదు వేళ్ళుగా అచ్చు పడుతుంది. తాటిబెల్లం ముక్క ఎవరు తిన్నారో కనిపెట్టడానికి కూడా ఆయన స్టేషను పద్ధతే. ఒకే ప్రశ్న మూడుసార్లు అడగాల. మొదటిసారి కసిరి, రెండోసారి కొట్టి, మూడోసారి ముద్దుగా. మూడోసారి సెప్పనోడు ఇంకా పుట్టలేదు, అనేవాడు. ఉమామహేష్ మూడోసారి చెప్పేసేవాడు. తను చెప్పేది కాదు. దీనికి దమ్ముందిరా, ఇది మొగోడై పుట్టాల్సింది అని ఆయన మురిసిపోతే ఆ వాచిన చెంపతోనే పొంగిపోయేది. ఎంత పిచ్చిది.

అలాంటి ఇంట్లోంచి వచ్చి సత్యారావు చేతిలో పడింది. స్టేషన్ రైటరు. పద్నాలుగేళ్ళు బల్ల వెనకే. అతని అక్షరాలు చూసి కోర్టులో గుమాస్తాలు ఫిర్యాదు చదవడం మరిచిపోయి అక్షరాలు చూసేవారట. చదువురాని ఆడవాళ్ళు ఏడుస్తూ వస్తే ముందు నీళ్ళిచ్చి, ఏడుపు అయ్యేదాకా ఊరుకుని, తరవాత రాసేవాడు. అవును, నీళ్ళిచ్చేవాడు. సంధ్యారాణి సంచి మీద చేతులు బిగించింది. ఇంటికొచ్చి ఆ కథలు చెబితే తనకి విసుగు. నాన్న కథల్లో కత్తులుండేవి, తమ్ముడి కథల్లో ఛేజింగులు, బావ కథల్లో కామాలు, ఫుల్‌స్టాపులు. వడ్డాదిలో తమ్ముడి గృహప్రవేశానికి వెళ్ళినప్పుడు, భోజనాల దగ్గర, వంద మంది ముందు, ఉమామహేష్ గరిటె పట్టుకుని, "మా బావ పెన్ను పోలీసు! దొంగోడు ఎదురుపడితే, బాబూ నీ పేరేటి, ఇంటి పేరేటి, ఇక్కడ సంతకం ఎట్టు అంటాడు" అన్నాడు. పందిరంతా నవ్వింది. బావ కూడా నవ్వాడు, పప్పు వేయించుకుంటూ. అతను నవ్వినందుకే ఎక్కువ కోపం వచ్చింది. తిరుగు బస్సులో మాట్లాడలేదు, ఇంటికొచ్చి వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు అతను చెకింగు డ్యూటీ అడిగి వేయించుకున్నాడు. అప్పుడు మాట్లాడింది, క్యారేజీలో కోడిగుడ్డు కూర కూడా పెట్టింది.

హాలు గుమ్మం దగ్గర కలకలం. పెద్దసారు కాదు, కూల్‌డ్రింకుల కేసు. సత్యారావు చూపు ఆ కేసు వెంటే వెళ్ళి, కనపడనంత దూరం వెళ్ళి, తిరిగి వచ్చి ఆమె సంచి మీద వాలింది. అతనికి తెలుసు, సీసా అందులో ఉందని తెలుసు, మాటల గది కూలిందే గానీ మిగిలిన ఇల్లంతా అలాగే ఉంది, అన్నీ తెలుసు. అదే కదా భయం. "ఆపు" అన్నాడు. ఆమె పైట సర్దుకుంది.

ఆ చెకింగు డ్యూటీలో చేరిన తొమ్మిదో రోజు, మధ్యాహ్నం మూడున్నరకి అతనే ఫోను చేశాడు. "సంధ్యా, నా వల్ల అవట్లేదే. బండొస్తంటే కాళ్ళు ఒణుకుతన్నాయి. సారుని అడిగి మళ్ళీ బల్ల కాడికి వచ్చేస్తాను" అన్నాడు. ఆ గొంతు ఇప్పుడు ఎంత వెతికినా దొరకదు, అప్పుడు చెవి నిండా ఉంటే చిరాకు పుట్టింది. తొమ్మిది రోజుల్లో ఎన్ని బళ్ళు ఆపేవు అనడిగింది. "హోంగార్డు పరదేశి ఆపుతన్నాడు, నేను కాయితాలు సూస్తన్నాను" అన్నాడు. నవ్వింది. తన నోట్లోంచి వచ్చింది గానీ అది ఉమామహేష్ నవ్వు, గణపతిరావు నవ్వు, పందిరి మొత్తం నవ్వు. తరవాత ఒక మాట అంది. ఆ మాట దగ్గరికొచ్చేసరికి మనసు మొండి ఎద్దులా కాళ్ళు పాతేస్తుంది, రెండేళ్ళుగా అంతే, దాటేసి అవతలకి వెళ్ళిపోతుంది. అవతల ఏముందంటే రెండు క్షణాల నిశ్శబ్దం. చెప్పుల చప్పుడు కాదు, బూట్ల చప్పుడు, కంకర మీంచి తారు మీదకి. ఆపు అన్నాడు. హారను. తరవాత ఎండిన కొమ్మ విరిగినట్టు, అంతే, ఫోను ఎక్కడో పడి, చెరుకాకుల గరగర చాలాసేపు వినబడింది.

ఆపు. తెలుగులో ఆ మాట ఒంటరిగా తిరగదు, దానికి తోక ఉంటుంది. డ్రైవరుకైతే ఆపరా. పెళ్ళానికైతే ఆపవే. కారులో పెద్దమనిషైతే ఆపండి. తోక చూస్తే మాట ఎటు తిరిగి ఉందో తెలుస్తుంది. ఆ రోజు తోక ఉందో లేదో, ఉంటే ఏ తోకో, హారను మింగేసింది. వ్యానుకి అన్నాడా? ఫోనులో వాగుతున్న తనకి అన్నాడా? తనకే అయితే వ్యానుని అతను చూడనేలేదు, పెళ్ళాం నోరు మూయించే పనిలో ఉండగా చావొచ్చి గుద్దింది, అప్పుడిక ఫ్లెక్సీ ఎందుకు, అరచెయ్యి బొమ్మ ఎందుకు? ఆసుపత్రి వరండాలో ఉమామహేష్ ఆమెని పక్కకి తీసుకెళ్ళి, "అక్కా, నువ్వు ఫోను ఎట్టేసిన తరవాతే కదా ఇదంతా?" అన్నాడు. జవాబు ప్రశ్నలోనే పొట్లం కట్టి చేతికిచ్చాడు, పోలీసు ప్రశ్నంటే అదే. అవునంది. "అంతే, మరి మాట మార్సకు. డ్యూటీలో ఫోను మాటాడతన్నాడని తెలిస్తే నిర్లక్ష్యం కింద రాసేస్తారు. పరదేశితో నేను మాటాడతాను" అన్నాడు. నాన్న కూడా పక్కనే ఉన్నాడు, గోడకున్న టీకాల పోస్టరు చదువుతున్నట్టు. అలా వాళ్ళింట్లో ధైర్యం తయారైంది, ముగ్గురు మనుషులూ పది నిమిషాలూ పట్టింది.

పరదేశి మాత్రం రెండు నెలలకి ఇంటికొచ్చాడు, అరటిపళ్ళు పట్టుకుని. మంచం మీద మనిషిని చూసి ఏడ్చి, వెళ్ళిపోతూ గుమ్మంలో ఆగి, "సెప్పొద్దన్నారు గానీ అమ్మా, సెప్పకపోతే నాకు ముద్ద దిగట్లేదు. నేను టీ అట్టుకొస్తన్నాను, దూరాన్నుంచి సూసేను. రోడ్డు పక్కన నీడలో ఉన్నోడు, ఫోను ఎడంసెవి కాడ అలాగే ఉంది, ఉన్నట్టుండి నడిరోడ్డు మీదకి నడిసిపోయేడు. కుడిసెయ్యి ఎత్తేడు. బండి వస్తందని తెలిసే నడిసేడమ్మా. అవతల ఎవరు ఏటి సెప్పేరో గానీ" అన్నాడు. ఎవరు అన్నప్పుడు ఆమె కేసి చూడలేదు. అరటిపళ్ళు బాగున్నాయంది ఆమె.

తరవాత ఇక అడక్కుండా ఉండలేకపోయింది. కూతురు ప్రవల్లిక కాలేజీకి వెళ్ళాక, తలుపు వేసి, ఒళ్ళు తుడుస్తూ అడిగేది. ఎవరికి అన్నావు బావా? నాకా, ఆడికా? ఆపు. కసిరింది. ఆపు. ఒకరోజు, ఒక్కరోజే అని తనకి తను చెప్పుకుంటుంది గానీ మూడు రోజులు, గంజి చెంచా నోటిదాకా తెచ్చి పట్టుకుని, సెప్తేనే ఎడతాను అంది. ఆ నోరు పిట్టపిల్ల నోరులా తెరుచుకుని ఉంటే చెంచా అందనివ్వకుండా ఎంతసేపు పట్టుకుందో. ఆపు. రెండోసారి అంటే కొట్టడమే కదా, కొట్టింది, పెద్దగా కాదు, చచ్చిన చేతి మీదే కొట్టింది, నొప్పి తెలీని చోట, నాన్న కూతురు కాబట్టి ఎక్కడ కొట్టాలో తెలుసు. మూడోసారి ముద్దుగా. తల నిమిరి, బుగ్గ మీద బుగ్గ ఆనించి, నా బంగారం కదూ, నాకేనా? నిజం సెప్పీ, నేనేటీ అనుకోను. అతను చాలాసేపు ఆమె కళ్ళలోకి చూశాడు. మూడోసారి చెప్పనివాడు పుట్టలేదు. చెప్పాడు. ఆపు. ఆ రోజు ఆమె వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చింది.

మాటలు నేర్పే అమ్మాయి వారానికి రెండుసార్లు వస్తుంది. నెల కిందట, ఇంకో మాట వచ్చేలా ఉందండీ, నాలిక పళ్ళకి తగిలిస్తున్నారు చూడండి, సాధారణంగా ఉన్న మాటకి పక్కనున్న మాటే ముందు వస్తుంది అంది. వారం కిందట వచ్చింది. సాయంత్రం ప్రవల్లిక రికార్డు రాసుకుంటూ తండ్రి మంచం పక్కన కూచుంటే, దమ్... మ్... అన్నాడు. పిల్ల పుస్తకం విసిరేసి, "అమ్మా! నాన్న నన్ను పిలిసేరు! దామ్మా అన్నారు, దామ్మా అన్నారే!" అని ఇల్లంతా గెంతింది. చిన్నప్పుడు డ్యూటీ నుంచి రాగానే చేతులు చాపి దామ్మా, దామ్మా అనేవాడు, మరి అదే అనుకోదూ? ఆ రాత్రి నుంచి తండ్రి పక్కలోంచి కదలదు, ఆ మాట కోసం నోటి కేసి చూస్తూ కూచుంటుంది, అతను దమ్ అన్నప్పుడల్లా ఇక్కడే ఉన్నాను నాన్నా అంటుంది. ఇవాళ సభలో మైకు తనే పట్టుకుంటానంది, నాన్న నన్ను పిలవడం అందరూ వినాలంది. కొత్త పరికిణీ కట్టుకుని, అదిగో, కుర్చీ అవతల పక్కన, తండ్రి కాలరు సర్దుతోంది.

దామ్మా కాదు. ఆ సాయంత్రం వంటింట్లో కత్తిపీట ముందు కూచున్న సంధ్యారాణికి మొదటిసారి వినగానే తెలిసిపోయింది. పక్కనున్న మాటే ముందు వస్తుంది. రెండేళ్ళు దాటేస్తూ వచ్చిన ఆ మాట, ఎద్దు కాళ్ళు పాతేసిన చోటు, ఇప్పుడు తనే నడుచుకుంటూ ఎదురొస్తోంది. ఆ రోజు నవ్విన తరవాత తను అంది, సాగదీసి, చివర్న ఎత్తి, నాన్న లాకప్పులో అనే రాగంలో అంది, "దమ్ముంటే ఒక్క బండి ఆపు బావా, సూద్దాం." రెండు క్షణాలు. బూట్ల చప్పుడు. ఆపు అని అతను అన్నది వ్యానుకీ కాదేమో, తనకీ కాదేమో. తన మాటే తనకి అప్పజెప్పాడేమో, బడిపిల్లాడు పంతులికి అప్పజెప్పినట్టు. నోట్లో ఉన్నదో, చెవిలో ఉన్నదో అన్నాడు కదా డాక్టరు. అయితే అతను ధైర్యవంతుడే, ఫ్లెక్సీ అబద్ధం కాదు, కాళ్ళొణుకుతూ వెళ్ళి నిలబడ్డాడు, నాన్నకి ఎప్పుడైనా కాళ్ళు ఒణికాయా, ఒణకని కాళ్ళకి ధైర్యం ఎందుకు? నిజం ఇంత మంచిదైనందుకు ఆమె తరుగుతున్న కూర వదిలేసి కత్తిపీట మడిచేసింది.

చప్పట్లు. పెద్దసారు వచ్చేశారు. కుర్చీని నలుగురు ఎత్తి వేదిక మీద పెట్టారు, ఎత్తుతున్నప్పుడు అతని చూపు ఆమెని వదల్లేదు. ఆమెని పక్కనే కుర్చీలో కూచోబెట్టారు, సంచి ఒళ్ళోనే ఉంది. శాలువా, పూలదండ, ఇత్తడి రేకు మీద చెక్కిన ఎత్తిన చెయ్యి. ఉపన్యాసాలు నాలుగు, నాలుగింటిలోనూ పులి ఉంది. "సావధాన్" అన్నాడు వెనక నుంచి నాన్న సన్నగా, చచ్చిన చెయ్యి పైకి లేచింది, వేళ్ళు నుదుటికి ఆనాయి, ఒకటి, రెండు, మూడు. పెద్దసారు లేచి నిలబడి తిరిగి సెల్యూట్ చేశారు. ఆయన కళ్ళు నిజంగానే తడిశాయి, మంచాయనే. నాన్న వదిలాడు, చెయ్యి పడింది, కుర్చీ ఇనుముకి తగిలి టంగుమంది.

"ఏమైనా మాట్లాడతారా సత్యారావు గారూ?" అన్నారు పెద్దసారు వంగి. "మాట రాదు సార్, ఒకటే వస్తాది" అన్నాడు ఉమామహేష్. "ఆ ఒక్కటే చాలండీ. ఊరు వినాలి." ప్రవల్లిక మైకు తండ్రి నోటి దగ్గర పెట్టింది. హాలంతా నిశ్శబ్దం, బయట ట్రాక్టరు కూడా లేదు. సత్యారావు మైకు చూశాడు, కూతురిని చూశాడు, మెడ మెల్లగా తిప్పి పెళ్ళాన్ని చూశాడు. ఎండిన నాలిక పళ్ళకి అంటుకుని ఊడింది.

"దమ్... మ్..."

"ఇక్కడే ఉన్నాను నాన్నా" అంది ప్రవల్లిక, ఆ మాట కూడా మైకులో పడి హాలంతా మోగింది, జనం అయ్యో అన్నారు.

"దమ్... ముంటే" అన్నాడు సత్యారావు. ఊపిరి తీసుకున్నాడు. "ఆపు."

సాగదీసి, చివర్న ఎత్తి. రాగంతో సహా.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు, తరవాత హాలు పైకప్పు లేచిపోయింది. ఈలలు. జనం లేచి నిలబడ్డారు. "దమ్ముంటే ఆపు! గంజాయోళ్ళకి సవాలు సార్ అది!" అని ఉమామహేష్ పెద్దసారు చెవిలో అరుస్తున్నాడు. గణపతిరావు మచ్చ ఉన్న చేత్తో కళ్ళు తుడుచుకుంటూ, "ఈడ్రా, ఈడ్రా మా అల్లుడంటే" అంటున్నాడు, పుట్టి బుద్ధెరిగాక ఆయన ఏడవడం ఎవరూ చూడలేదు. ప్రవల్లిక మైకు దించింది. దాని మొహం మీద నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, సగంలో ఆగి ఉంది. దామ్మా కాదని తెలుస్తోంది దానికి. ఆ రాగం ఎక్కడ విందో కూడా గుర్తొస్తోంది. ఆ మధ్యాహ్నం బడికి సెలవు, అది ముందు గదిలోనే కూచుని పదో తరగతి లెక్కలు చేసుకుంటోంది, తలుపు తీసే ఉంది, అమ్మ ఫోనులో పెద్దగానే నవ్వింది. పిల్ల తల తిప్పి తల్లిని చూసింది. ప్రశ్న అడగలేదు, మూడుసార్లు కాదు కదా ఒక్కసారి కూడా అడగలేదు.

జనమంతా తనకేసే చూస్తున్నారు, వీరుడి భార్య ఏం చేస్తుందో అని. సంధ్యారాణి చేతులు పైకి లేచాయి, ఎవరో వెనక నుంచి మోచెయ్యి పట్టి లేపినట్టు. చప్పట్లు కొట్టింది.

"ఆపు" అన్నాడు సత్యారావు. మైకులో కాదు, ఆమెకే. కనుబొమలు రెండూ పైకెత్తి, మెత్తగా.

ప్రవల్లిక కుర్చీ చుట్టూ తిరిగి వచ్చింది. తల్లి మొహం కేసి చూడకుండా ఒళ్ళో సంచిలోంచి సీసా తీసి, మూత విప్పి, తండ్రి నోటికి పెట్టింది. "ఇప్పుడొద్దే గుంటా, ఫొటోలు అవనీ" అని ఉమామహేష్ కసిరాడు. అది వినిపించుకోలేదు. నీళ్ళు గెడ్డం మీంచి కారి ఖాకీ చొక్కా మీద నల్లగా పాకుతున్నాయి, సత్యారావు గుటకలు వేస్తూ తాగుతున్నాడు. సంధ్యారాణి ఇంకా చప్పట్లు కొడుతూనే ఉంది.